మీకు తెలుసా? కాశీలో దర్శనాలయ్యాక...

పీటల మీద కూర్చోకముందే మన పెళ్ళికొడుకు గొడుగు పట్టుకుని, చేతికర్ర తీసుకుని కాశీకి బయల్దేరతాడు. బావమరిది అడ్డం పడి, గడ్డం కింద బెల్లం ముక్క పెట్టి బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. అలా వాయిదా పడిన కాశీయాత్ర మళ్ళీ పిల్లల పెళ్ళిళ్ళయ్యాక గానీ గుర్తుకు రాదు. 'కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం' అన్న సామెత పుట్టిన రోజుల్లో ఆ వాయిదాకు అర్థముంది. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో పల్లకీ ఎక్కి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల ప్రయాణం! ఇప్పుడు సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొగల్‌సరాయ్‌లో దిగుతాం.

దిగి ఏం చూస్తున్నాం? విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు. గంగపూజకు చెంబులు, చేతికి కాశీ దారాలు, ఇంటికి రెండు చీరలు. ఇష్టమైన కాయో పండో వదిలిపెట్టి తిరుగు రైలెక్కుతాం. ఇందులో తప్పేమీ లేదు. కానీ తొమ్మిది నిద్రలు చేసి కూడా ఊరు చూడకుండా వచ్చేసినవాళ్ళ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఆ ఊళ్ళో అడుగడుగునా మనవాళ్ళ జాడలున్నాయి. ఒక్క తెల్లవారుజామున అస్సీ ఘాట్‌లో పడవ మాట్లాడుకుని రాజ్‌ఘాట్ దాకా వెళ్ళండి. ఈసారి కబుర్లు ఆ పడవ దారి వెంటే.

గంగ ఇక్కడ హిమాలయం వైపు తిరుగుతుంది

కొండలు దిగి బంగాళాఖాతం వైపు తూర్పుగా, ఆగ్నేయంగా సాగే గంగ కాశీ దగ్గర వంపు తిరిగి ఉత్తరానికి ప్రవహిస్తుంది. అందుకే ఇక్కడ గంగను ఉత్తరవాహిని అంటారు. ఊరంతా పడమటి గట్టునే ఉంది. అది సున్నపు గులక కలిసిన గట్టి మన్ను, ఏటి కోతకు తట్టుకున్న ఎత్తైన ఒడ్డు. ఎదుటి ఒడ్డు పల్లం, ఉత్త ఇసుక. వరదొస్తే మునిగేది కాబట్టి అక్కడ ఎవరూ మేడలు కట్టలేదు. పడమటి మెట్ల మీద నిలబడితే సూర్యోదయానికి అడ్డంగా ఒక్క గోడ కూడా ఉండదు. కాశీ ఉదయాలకు అంత పేరు రావడానికి ఈ వంపే కారణం. ఉత్తరాన వరుణ, దక్షిణాన అసి. ఆ రెంటి నడుమ ఊరు వారణాసి. 84 ఘాట్‌లు అని లెక్క చెబుతారు. వరుణ ఇంకా నదిలా ఉంది గానీ, అసి మాత్రం నగరం మధ్య మురుగుకాలువగా మిగిలింది. పేరులో సగం ఇచ్చిన నదికి ఆ గతి పట్టడం చూస్తే బాధేస్తుంది.

కిటికీలోంచి జారిన రాజు

అస్సీ దాటగానే తులసీ ఘాట్. రామచరితమానస్ కర్త తులసీదాసు 1623లో కన్నుమూసేదాకా ఉన్నది ఈ దరినే. కార్తీకంలో నాగుల చవితి రోజున, మనం పుట్టలో పాలు పోసి వస్తామే సరిగ్గా ఆ తిథినాడే, ఇక్కడ కృష్ణుడి వేషం కట్టిన పిల్లవాడు కడిమి కొమ్మ మీంచి గంగలోకి దూకి కాళియుడి పడగ మీద పైకి తేలతాడు. నాగ్ నథైయా అంటారు దాన్ని. చుట్టూ పడవల మీద వేల మంది నిలబడి చూస్తారు.

ఇంకొంచెం ముందుకు వెళితే కోటలాంటి కట్టడం కనిపిస్తుంది. అది చేత్‌సింగ్ ఘాట్. 1781లో గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ ఇక్కడే కాశీరాజు చేత్‌సింగ్‌ను నిర్బంధించాడు. రాజుగారి మనుషులు తిరగబడ్డారు. ఆ గొడవలో రాజు, తలపాగాలు ముడేసిన తాడు పట్టుకుని నది వైపు కిటికీలోంచి జారి, పడవెక్కి తప్పించుకున్నాడు. ఆ తర్వాత హేస్టింగ్స్ కూడా రాత్రికి రాత్రి చునార్ కోటకు పారిపోవాల్సి వచ్చింది. పడవవాణ్ణి అడిగితే ఆ కిటికీల వరుసను చెయ్యెత్తి చూపిస్తాడు.

హనుమాన్ ఘాట్ నుంచి కేదార ఘాట్ దాకా తెలుగు వాడలే

పుష్టిమార్గం అనే భక్తి సంప్రదాయాన్ని స్థాపించిన వల్లభాచార్యులు తెలుగు కుటుంబంలో పుట్టారని మీకు తెలుసా? ఆయన తల్లిదండ్రులు ఆంధ్ర ప్రాంతపు వెలనాటి బ్రాహ్మణులు. దండయాత్ర భయంతో కాశీ విడిచి వస్తుండగా చంపారణ్యంలో 1479లో ఆయన పుట్టారు. చివరికి కాశీ వచ్చి, హనుమాన్ ఘాట్‌లో గంగలోకి నడిచి దేహం చాలించారని సంప్రదాయం. గుజరాత్, రాజస్థాన్‌లలో ఆయన్ను కొలిచే కుటుంబాలు లెక్కలేనన్ని. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయనది మన గడ్డ అన్న మాట అరుదుగా వినిపిస్తుంది.

తర్వాత హరిశ్చంద్ర ఘాట్. తెలుగువాళ్ళకు దీన్ని చూపించి చెప్పాల్సిన పని లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకం పుణ్యమా అని, కాశీ మొహం చూడనివాళ్ళకు కూడా వీరబాహుడి కాడు తెలుసు. కాటిసీను మొదలైతే పందిట్లో నిద్రపోయే పిల్లలు కూడా లేచి కూర్చునే ఊళ్ళుండేవి. ఆ సీనులో నటులు జాషువా శ్మశాన పద్యాలు అందుకోవడం, 'వన్స్ మోర్'లు పడటం మన పెద్దవాళ్ళు ఎన్నో రాత్రులు చూశారు. ఆ ఒడ్డున ఇప్పటికీ చితులు ఆరవు. పడవ అటుగా వెళ్ళేటప్పుడు ఫోన్లు జేబులో పెట్టుకోండి. అక్కడున్నవాళ్ళు ఎవరినో పోగొట్టుకుని వచ్చినవాళ్ళు.

దాన్ని దాటగానే విజయనగరం ఘాట్! అవును, మన విజయనగరమే. 19వ శతాబ్దం చివర విజయనగరం మహారాజుల పేర కట్టిన మెట్లివి. 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్న విజయనగరం మహారాజకుమార్, అదే మన 'విజ్జీ', చివరి రోజులు గడిపింది కాశీలోనే. 1965లో ఇక్కడే పోయారు.

ఆ పక్కన ఎరుపు తెలుపు చారల గోడలతో కేదారేశ్వరుడి గుడి. ఈ మెట్లెక్కి పైకి వెళితే ఇడ్లీ వాసన తగులుతుంది. మానససరోవర్, పాండే హవేలీ ప్రాంతమంతా దక్షిణాది వాళ్ళ బసే. శ్రీరామతారక ఆంధ్రాశ్రమం ఇక్కడే. పడవవాళ్ళు, దారాలమ్మే పిల్లలు 'రండమ్మా, పడవ కావాలా' అని తెలుగులోనే పిలుస్తారు. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా గంగా పుష్కరాలు జరిగినప్పుడైతే ఈ గల్లీల్లో హిందీ కన్నా తెలుగే ఎక్కువ వినిపించింది. గురువు మేషరాశిలోకి రావడం పంచాంగాలన్నిట్లో ఉన్నా, దాని కోసం మూటాముల్లె సర్దుకుని గంగ దాకా వెళ్ళే అలవాటు మనవాళ్ళకున్నంతగా ఇంకెవరికీ లేదు. మళ్ళీ 2035లో.

మేడ మీద ఎండ గడియారం

దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి అందరూ చూస్తారు. ఆ పక్కనే, రెండు నిమిషాల నడకలో ఉన్న మాన్‌మందిర్ మాత్రం ఖాళీగా ఉంటుంది. నాకు కాశీలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. అంబర్ రాజు మాన్‌సింగ్ 1600 ప్రాంతంలో కట్టించిన భవనం. నది వైపు చెక్కిన రాతి గవాక్షం చూస్తే అది రాయో చెక్కో తేల్చుకోవడం కష్టం. ఆ వంశీకుడే అయిన సవాయి జైసింగ్, జైపూర్ కట్టించినాయన, 1730ల్లో దాని మేడ మీద వేధశాల పెట్టించాడు. ఢిల్లీ, జైపూర్, ఉజ్జయిని, మథుర, కాశీ, ఈ ఐదు చోట్లా కట్టించాడు. మథురలోది ఇప్పుడు లేదు.

మేడెక్కితే మొదట కనిపించేది సామ్రాట్ యంత్రం. పైకి చూస్తే ఎక్కడికీ చేరని మెట్ల దారిలా ఉంటుంది. ఏటవాలు గోడ, దానికి రెండు వైపులా వంపు తిరిగిన రాతి రెక్కలు, రెక్కల మీద గీతలు. ఆ గోడ వాలు ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. కాశీ అక్షాంశం 25 డిగ్రీల పైచిలుకు, గోడ కూడా నేలతో సరిగ్గా అంతే కోణం చేస్తుంది. అలా ఉంటేనే దాని అంచు భూమి తిరిగే అక్షానికి సమాంతరంగా, ధ్రువ నక్షత్రం వైపు చూస్తూ ఉంటుంది. అప్పుడే నీడ గంటకు 15 డిగ్రీల చొప్పున సమంగా జరుగుతుంది. ఇదే యంత్రం హైదరాబాద్‌లో కట్టాలంటే గోడ 17 డిగ్రీల పైచిలుకు వాలితే చాలు. యంత్రాన్ని ఊరు మారిస్తే అబద్ధం చెబుతుందన్న మాట.

రెక్క మీద నీడ అంచు దగ్గర వేలు పెట్టి కాసేపు నిలబడ్డాను. నీడ కదలడం కంటికి తెలియదు. కానీ రెండు మూడు నిమిషాలయ్యాక చూస్తే నా గోరు ఎండలో ఉంది. భూమి తిరుగుతోందని చదువుకున్నది వేరు, వేలి కొస మీద చూడటం వేరు.

ఇంకో సంగతి. మన గడియారాలు నడిచేది 82½ డిగ్రీల రేఖాంశం మీద. ఆ రేఖ కాశీ పక్కనున్న మిర్జాపూర్ మీదుగా, కిందికి వస్తే మన కాకినాడ దగ్గరగా పోతుంది. కాశీ దానికి అర డిగ్రీ తూర్పున ఉంది. అందుకని కాశీ సొంత సమయం మన గడియారం కన్నా రెండే నిమిషాలు ముందు. హైదరాబాద్ సొంత సమయమైతే పదహారు నిమిషాలు వెనక. నవంబర్‌లో నీడకూ చేతి గడియారానికీ పావుగంట పైగా తేడా కనిపిస్తే మాత్రం యంత్రాన్ని అనుమానించకండి. భూమి సూర్యుడి చుట్టూ ఏడాది పొడుగునా ఒకే వేగంతో తిరగకపోవడం, దాని అక్షం వంగి ఉండటం వల్ల వచ్చే తేడా అది.

ఒరిగిన గుడి

లలితా ఘాట్ పైన నేపాల్ రాజులు కట్టించిన చెక్క గుడి ఉంది, పగోడా కప్పుతో. 1843 నాటికి పూర్తయింది. కాఠ్‌వాలా మందిర్ అని అడగాలి. గుమ్మాల మీద చెక్కడం చూడటానికి పది నిమిషాలు కేటాయించండి.

మణికర్ణిక శ్మశానం దాటేటప్పుడు పడవలో మాటలు వాటంతటవే ఆగిపోతాయి. ఆ పక్కనే సింధియా ఘాట్ అంచున, గట్టు మీద కాకుండా దాదాపు నీళ్ళలో, ఒక రాతి గుడి పక్కకు ఒరిగి నిలబడి ఉంటుంది. రత్నేశ్వర మహాదేవుడు. దాని ఒరుగుదల సుమారు 9 డిగ్రీలంటారు. ఇటలీలోని పీసా గోపురం వాలింది 4 డిగ్రీలే. ఏడాదిలో చాలా నెలలు గర్భగుడి నీళ్ళలోనో, ఒండ్రులోనో ఉంటుంది. పూజలు జరిగేది కొద్ది రోజులే. తల్లి రుణం తీర్చుకున్నానని కొడుకు గొప్పలు చెప్పుకున్నందుకే గుడి ఒరిగిందని స్థానిక కథ. అందుకే దీనికి మాతృఋణ మహాదేవ్ అని ఇంకో పేరు. నిజానికి బరువైన రాతి కట్టడానికి కింద మెత్తటి ఏటి ఒడ్డు. సింధియా ఘాట్ మెట్లు కూడా బరువుకు ఒకసారి కుంగినవే.

పంచగంగ మెట్ల మీద ముగ్గురు

ఈ ఒక్క ఘాట్ దగ్గర పడవ ఆపించి దిగండి. మెట్లు చాలా నిటారు, మెల్లగా ఎక్కండి.

కోనసీమ ముంగండ గ్రామానికి చెందిన వంశంలో పుట్టి, షాజహాన్ కొలువులో 'పండితరాజ' బిరుదు పొందినవాడు జగన్నాథుడు. అలంకారశాస్త్రంలో ఆయన రాసిన రసగంగాధరం ఇవాళ్టికీ సంస్కృత విద్యార్థులకు కొరుకుడు పడని గ్రంథం. లవంగి అనే ముస్లిం యువతిని పెళ్ళాడాడని కాశీ పండితులు వెలివేశారట. ఆయన ఈ మెట్ల మీద కూర్చుని గంగాలహరి చెప్పడం మొదలుపెట్టాడట. శ్లోకానికి ఒక మెట్టు చొప్పున గంగ పైకొచ్చి, 52వ శ్లోకానికి ఆయన్ను తనలో కలుపుకుందట. చరిత్రకారులు దీన్ని కథగానే చూస్తారు. నేనూ కథగానే విన్నాను. కానీ ఆ మెట్ల మీద కూర్చుని కింద నీళ్ళను చూస్తే, పండితులు కాదన్న మనిషిని నది అక్కున చేర్చుకుందని ఊళ్ళో జనం ఎందుకు చెప్పుకున్నారో అర్థమైంది.

రెండో ఆయన త్రైలింగ స్వామి. విజయనగరం ప్రాంతంలో శివరాముడిగా పుట్టి, దేశమంతా తిరిగి కాశీలో స్థిరపడ్డ అవధూత. త్రిలింగ దేశం నుంచి, అంటే తెలుగు దేశం నుంచి వచ్చాడు కాబట్టి కాశీ జనం పెట్టిన పేరే త్రైలింగ. రామకృష్ణ పరమహంస ఈయన్ను చూడటానికి వచ్చారు. 1887లో సమాధి చెందారు. ఆయన మఠం పంచగంగ ఘాట్ మెట్ల పైన, సన్నటి సందులో ఉంది. బెంగాలీలు గుంపులుగా వచ్చి దణ్ణం పెట్టుకుంటారు. అక్కడ తెలుగు మాట వినిపించడం మాత్రం తక్కువే.

మూడో ఆయన కబీరు. తెల్లవారక ముందు ఈ మెట్ల మీద పడుకుంటే, స్నానానికి వస్తున్న రామానందుల కాలు తగిలి, ఆయన నోట వచ్చిన 'రామ్' అన్న మాటే తనకు మంత్రోపదేశం అనుకున్నాడని చెబుతారు. కాశీలో పుడితే చాలదు, చావాలి అనుకునే జనం మధ్య పుట్టి, చివరిలో కావాలనే కాశీ వదిలి మగహర్ వెళ్ళి పోయిన మనిషి ఆయన.

కార్తీకంలో వెళితే ఈ ఘాట్‌లో పొడవాటి వెదురు గడలు బారులు తీరి కనిపిస్తాయి. చీకటి పడగానే సజ్జబుట్టల్లో దీపాలు పెట్టి, తాడు లాగి గడ కొసకు ఎక్కిస్తారు. మన ఊళ్ళో ధ్వజస్తంభానికి ఎక్కించే ఆకాశదీపమే! పితృదేవతలకు దారి చూపడానికన్న నమ్మకం అక్కడా ఉంది.

రైలు కింద, బస్సు పైన

పడవ ఆఖరి మజిలీ రాజ్‌ఘాట్. తలెత్తితే మాలవీయ వంతెన. 1887లో డఫరిన్ పేరుతో తెరిచిన ఈ వంతెన మీద రైలు కింది అంతస్తులో, రోడ్డు పై అంతస్తులో నడుస్తాయి. రాజమండ్రి వాళ్ళకు ఇది కొత్త కాదు, వాళ్ళ రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి కూడా ఇలాంటిదే, 1974 నాటిది. వంతెన పక్క దిబ్బల్లో తవ్వితే క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి నివాసాల ఆనవాళ్ళు దొరికాయి. ఆ దిబ్బలకు దగ్గర్లోనే మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి విద్యాకేంద్రం ఉంది.

తప్పిపోయి తిరిగొచ్చిన అన్నపూర్ణ

ఇక గల్లీల్లోకి. విశ్వనాథుడి ప్రస్తుత ఆలయాన్ని 1780లో కట్టించింది ఇండోర్ రాణి అహల్యాబాయి హోల్కర్, శిఖరాలకు బంగారం ఇచ్చింది పంజాబ్ మహారాజు రంజిత్‌సింగ్. ఇది చాలామందికి తెలుసు. ఇదే ప్రాంగణంలో, ప్రధాన అన్నపూర్ణ గుడి కాకుండా, ఇంకో చిన్న అన్నపూర్ణ రాతి విగ్రహం ఉందని తెలుసా? 18వ శతాబ్దపు ఆ విగ్రహం సుమారు వందేళ్ళ కిందట కాశీ నుంచి దొంగతనంగా దేశం దాటి, కెనడాలోని రెజీనా విశ్వవిద్యాలయ ఆర్ట్ గ్యాలరీకి చేరింది. అక్కడ విష్ణుమూర్తి అని రాసుకున్నారు. 2019లో దివ్యా మెహ్రా అనే కళాకారిణి దాన్ని చూసి, ఇది ఆడమూర్తి కదా అని అనుమానపడ్డారు. ఒక చేతిలో పాయసం గిన్నె, ఇంకో చేతిలో గరిటె. అన్నపూర్ణ కాక ఇంకెవరు? ఆరా తీస్తే దొంగసొత్తని తేలింది. 2021 నవంబర్ 15న తల్లిని మళ్ళీ కాశీలో ప్రతిష్ఠించారు. గరిటె పట్టుకున్న చెయ్యే ఆమెను పట్టించింది. ఈసారి దర్శనానికి వెళ్ళినప్పుడు అక్కడి అర్చకుల్ని అడిగి మరీ చూడండి.

గొదౌలియా కూడలి నుంచి కొద్ది దూరంలో జంగంవాడీ మఠం. వీరశైవుల పంచపీఠాల్లో ఒకటి. తెలంగాణలోని కొలనుపాక సోమేశ్వరాలయం, శ్రీశైలం కూడా ఈ పరంపరతో ముడిపడినవే. ఇక్కడ పోయినవాళ్ళ పేర పిండం పెట్టరు, శివలింగం పెడతారు. తరాల తరబడి పెట్టినవి అరుగుల మీద, గోడల వెంట, చెట్ల మొదళ్ళలో ఒకదాని పక్కన ఒకటి. చిటికెన వేలంతవి కొన్ని, మోకాలెత్తువి కొన్ని. ఒక్కో లింగం ఒక్కో మనిషి అని తెలిశాక అడుగు చూసి వేస్తాం.

చదువుల విషయానికొస్తే, తర్కం నేర్చుకునే ప్రతివాడూ మొదట పట్టే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కాశీ వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడు అని పండితుల్లో ఒక నానుడే పుట్టింది.

చలికాలమైతే పొద్దున్నే చౌక్ వైపు నడవండి. మలైయో అమ్ముతారు. పాలు మరగకాచి, రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికితే వచ్చే నురగ. కుంకుమపువ్వు రంగు, యాలకుల వాసన. మట్టి ముంతలో పెట్టి ఇస్తారు. నాలుక మీద పెడితే బరువే తెలియదు, తీపి మాత్రం మిగులుతుంది. ఎండెక్కితే నురగ దిగిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం వెతికినా దొరకదు.

దేవుడు లేని గుడి

రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో, కాశీ విద్యాపీఠం ఆవరణలో భారతమాత మందిరం ఉంది. శివప్రసాద్ గుప్తా కట్టించగా 1936లో గాంధీజీ ప్రారంభించారు. లోపల విగ్రహం లేదు. నేల మీద పాలరాతితో చెక్కిన అవిభక్త భారతదేశపు పటం ఉంది, కొండలు ఎత్తుగా, నదులు లోతుగా. మోకాళ్ళ మీద వంగి గోదావరి, కృష్ణ ఎక్కడ సముద్రంలో కలుస్తాయో వెతుక్కున్నాను. పిల్లల్ని తీసుకెళితే భూగోళం పాఠం అక్కడే అయిపోతుంది.

1916లో మదనమోహన మాలవీయ స్థాపించిన కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి 1939 నుంచి 1948 దాకా వైస్ చాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ ఆవరణలోని భారత్ కళాభవన్ మ్యూజియంలో సూక్ష్మచిత్రాలు చూడటానికి సగం రోజు కూడా చాలదు.

వ్యాసుడు అలిగి వెళ్ళిన ఒడ్డు

గంగ ఆవలి ఒడ్డున రామ్‌నగర్ కోట, 18వ శతాబ్దంలో కాశీరాజు బల్వంత్‌సింగ్ కట్టించినది. కోటలో వ్యాసుడి గుడి ఉంది. కాశీలో భిక్ష దొరక్క వ్యాసుడు ఊరిని శపించబోతే శివుడు వెళ్ళగొట్టాడన్న కథ శ్రీనాథుడి పుణ్యాన మనకు తెలిసిందే. అక్కడివాళ్ళు ఆయన ఈ ఒడ్డునే ఉండిపోయాడంటారు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో ఆయన్ను ఏకంగా మన ద్రాక్షారామానికే తీసుకొచ్చాడు. ఒకే అలక, రెండు ఊళ్ళకు పుణ్యం పంచింది.

రామ్‌నగర్ రామలీల గురించి వినడం వేరు, చూడటం వేరు. భాద్రపద అనంత చతుర్దశి నుంచి నెల్లాళ్ళు నడుస్తుంది. మైకు లేదు, కరెంటు దీపం లేదు. వేదిక కూడా లేదు, ఊరే వేదిక. ఒక మూల అయోధ్య, మరో మూల జనకపురి, దూరంగా లంక. ఈ పేర్లతో అక్కడ పేటలే ఉన్నాయి. కథ ఎటు జరిగితే జనం అటు నడుస్తారు. పాత్రలు నోరు విప్పే ముందు నిశ్శబ్దం కోసం ఒక కేక వేస్తారు, వేల మంది ఒక్కసారిగా ఊపిరి బిగబడతారు. చేతిలో రామచరితమానస్ పుస్తకం, పక్కన చిన్న దీపం పెట్టుకుని పంక్తి పంక్తీ సరిచూసుకునే ముసలివాళ్ళు కనిపిస్తారు. కాశీరాజు ఏనుగు మీద వచ్చి చూస్తారు. దేశంలోని రామలీల సంప్రదాయాన్ని 2008లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

సారనాథ్‌లో మొండి స్తంభం

కాశీకి పది కిలోమీటర్ల దూరం. బుద్ధుడు మొదటిసారి ధర్మం చెప్పిన చోటు. మన జేబులోని ప్రతి నోటు మీదా ఉన్న సింహాలు ఇక్కడివే. 1904-05 తవ్వకాల్లో దొరికిన ఆ సింహశీర్షం, ఏడడుగుల ఎత్తున ఒకే రాయితో, మ్యూజియం మొదటి హాల్లోనే నిలబడి ఉంటుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ముందే చూసుకోండి. బొమ్మలో మూడు సింహాలే కనిపిస్తాయి గానీ ఉన్నవి నాలుగు, వెనక్కి వెళ్ళి నాలుగోదాని మొహం చూడండి. సింహాల మీద ఒకప్పుడు పెద్ద ధర్మచక్రం ఉండేది. దాని ముక్కలూ అక్కడే పెట్టారు.

ఆ సింహాల కింద పట్టీ మీదున్న 24 ఆకుల చక్రం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పింగళి వెంకయ్య 1921లో విజయవాడలో గాంధీజీకి చూపిన జెండా మీద తర్వాత రాట్నం చేరింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో ఆ రాట్నం స్థానంలోకి వచ్చింది ఈ చక్రమే. కృష్ణా తీరంలో మొదలైన జెండాకు నడిబొడ్డు ఇక్కడి నుంచి వచ్చింది.

చాలామంది మ్యూజియం చూసి వెళ్ళిపోతారు. బయట తవ్వకాల మైదానంలో ఆ సింహాలను మోసిన అసలు స్తంభం మొండెం ఇంకా దాని చోటనే నిలబడి ఉంది, నునుపు చెక్కుచెదరలేదు. దాని మీద బ్రాహ్మీ లిపిలో అశోకుడి హెచ్చరిక ఉంది: సంఘాన్ని ఎవరూ చీల్చకూడదని. కాస్త అవతల గుండ్రటి పునాది మాత్రం మిగిలింది ధర్మరాజిక స్తూపానికి. 1794లో కాశీలో బజారు కట్టుకోవడానికి దివాన్ జగత్‌సింగ్ మనుషులు ఇటుకల కోసం దాన్ని విప్పేశారు. లోపల రాతి పెట్టె, అందులో పాలరాతి భరిణె, భరిణెలో ఎముకలు దొరికాయి. ఎముకల్ని గంగలో కలిపేశారు. ఎవరి అస్థికలో తెలుసుకునే అవకాశం అలా పోయింది. ఆ పునాది వలయం చుట్టూ నడుస్తుంటే గొంతు పట్టేసింది.

నిలిచింది ధమేఖ్ స్తూపం. 28 మీటర్ల వెడల్పు, పునాదితో కలిపి 43 మీటర్లకు పైగా ఎత్తు. కింది భాగంలో నడుం చుట్టూ గుప్తుల నాటి చెక్కడం, లతలు, పద్మాలు, గళ్ళ కుట్టుపని. బనారస్ చీర అంచు రాయి మీద పరిచినట్టే ఉంటుంది. చీర కొనడానికి ముందు ఇది చూస్తే అంగట్లో మీ కన్ను మారుతుంది.

దారిలో దిబ్బ మీద ఎనిమిది పలకల బురుజు కనిపిస్తుంది. అది చౌఖండీ స్తూపం. కింద బౌద్ధ స్తూపం, పైన బురుజు 1588లో, హుమాయూన్ ఒకసారి ఇక్కడ తలదాచుకున్న గుర్తుగా తోడర్‌మల్ కొడుకు కట్టించినది. 1931 నాటి మూలగంధకుటి విహారంలో జపాన్ చిత్రకారుడు కొసెత్సు నోసు వేసిన బుద్ధుడి జీవిత చిత్రాలున్నాయి.

అన్నీ ఒకే కొండ

ఇంకొక్క రోజు ఉంటే చునార్ వెళ్ళండి, సుమారు 40 కిలోమీటర్లు. గంగ ఒడ్డున కోట, వెనక ఇసుకరాతి కొండలు. సారనాథ్ సింహాలు చెక్కిన రాయి ఇక్కడిదే. రామ్‌నగర్ కోట గోడలు, మనం స్నానం చేసిన ఘాట్‌లలో చాలావాటి మెట్లు కూడా ఈ రాయే. క్వారీల దగ్గర పాత రోజుల గుండ్రటి రాతి దిమ్మెలు, ఉలి గాట్లతో, సగంలో వదిలేసినవి ఇప్పటికీ పడి ఉన్నాయి. కోట బురుజు మీద నిలబడితే కింద గంగ కాశీ వైపు పోతూ కనిపిస్తుంది. కోసిన రాయి పడవల్లో దిగిపోయిన దారి అదే.